జనవరి నుంచి ఉగాది దాకా: మనసుకు నెమ్మదినిచ్చే చిన్న అలవాటు, మీకు సరిపడేది ఏది?

జనవరి మొదటి వారంలో పార్కుల్లో నడవడానికి చోటుండదు. యోగా క్లాసుల నిండా కొత్త చాపలు, కొత్త ముఖాలు. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి వాళ్లలో చాలామంది కనబడరు. ఆరంభశూరత్వమని మనల్ని మనమే ఆడిపోసుకోవడమూ ఏటా జరిగేదే. నేను చూసినంతలో లోపం పట్టుదలలో కంటే ఎంపికలో ఎక్కువ. ప్రాణాయామం, జపం, నడక, డైరీ, మొక్కలు, ముగ్గు... వీటిలో ఏది గొప్పదని అడిగితే అన్నీ గొప్పవే, ఎంతకీ తేలదు. ‘నా రోజులో ఎవరూ అడ్డురాని పది నిమిషాలు ఎప్పుడున్నాయి?’ అని అడిగి చూడండి, జాబితా దానంతటదే రెండు మూడుకు దిగొస్తుంది. అందుకే ఇక్కడ పోలిక పూటల వారీగా చేస్తున్నాను: కాఫీ వేళ, వాకిలి ఊడ్చే వేళ, రాత్రి భోజనమయ్యాక, పడుకునే ముందు.

ముందు గడువు సంగతి

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట అందరి నోటా వింటాం. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన ఒక పరిశీలన దగ్గర మొదలైన మాట ఇది. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. తెల్లవారుజామున దుప్పటి వదిలి లేవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో వెల్లడించిన లెక్క వేరు: ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు. సులువైన పనైతే 18 రోజుల్లోనే కుదిరినవాళ్లున్నారు, కొందరికి 254 రోజుల దాకా పట్టొచ్చని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ లేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. రెండు రోజులు తప్పగానే ‘ఇక అయిపోయింది’ అని వదిలేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన క్యాలెండర్ చూడండి. జనవరి 1 నుంచి ఉగాదికి 2023లో 80 రోజులు, 2024లో 99, 2026లో 77. ఏ ఏడాది తీసుకున్నా 66 దాటుతుంది. పెట్టుకుంటే ఇదే మంచి గడువు. గడువున్న నియమం మనకు కొత్తది కూడా కాదు. అయ్యప్ప మాల 41 రోజులు. ధనుర్మాసంలో తిరుప్పావై రోజుకో పాశురం చొప్పున 30 రోజులు. నోము పట్టిన ఇంట్లో ఉద్యాపన ఎప్పుడో ముందే తెలుసు. ‘ఇక జీవితాంతం చేస్తాను’ అని మొదలుపెట్టిన పని మొదటి రోజే బరువెక్కుతుంది. ‘ఉగాది దాకా చేస్తాను’ అంటే మనసు అంత మొరాయించదు. పచ్చడి తిన్న తర్వాత కొనసాగించాలో మానాలో తేల్చుకోవచ్చు, మానినా తప్పేం లేదు.

పండక్కి సొంతూరు వెళ్లేవాళ్లకు ఒక మాట. బస్సు టికెట్ల హడావిడి, పిండివంటలు, చుట్టాలు, రాత్రి రెండింటి దాకా కబుర్లు... ఆ వారంలో ఏ అలవాటూ నిలవదు. కనుమ మర్నాడు మొదలుపెట్టండి. కొత్త సంవత్సరమే కాదు, నెల మొదలు, వారం మొదలు, పుట్టినరోజు లాంటి ఏ ‘కొత్త పేజీ’ అయినా మనుషుల్లో ఉత్సాహం పెంచుతుందని హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. జనవరి 1 దాటిపోయిందని ఏడాదంతా ఆగక్కర్లేదు. పండగ అయ్యాక వచ్చే సోమవారం చాలు.

కాఫీ వేళ: ఊపిరా, జపమా, స్తోత్రం వినడమా?

ఉదయం వంటింట్లోకి వెళ్లే వ్యక్తి మీరే అయితే ఈ పూట మీదే. ఫిల్టర్‌లో వేడినీళ్లు పోశాక డికాక్షన్ దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ వ్యవధిలో చాలామంది చేసే పని ఫోన్ చూడటం. రాత్రి వచ్చిన వాట్సాప్ గుడ్‌మార్నింగులు, గ్రూపుల్లో గొడవలు, ఆఫీసు మెయిల్ తలలోకి ఎక్కేది సరిగ్గా ఇక్కడే. అలవాటును ఈ సందులో పెడితే రెండు పనులవుతాయి. ఒకటి కొత్తగా చేరుతుంది, ఒకటి తగ్గుతుంది.

నెమ్మది ఒక్కటే లక్ష్యమైతే నా ఓటు ఊపిరికి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో మూడు రకాల శ్వాస పద్ధతులనూ ధ్యానాన్నీ పోల్చి చూశారు. రోజుకు 5 నిమిషాలు, నెల రోజులు. అన్నీ ఎంతో కొంత పనిచేశాయి. మనసు తేలికపడటంలో ముందున్నది మాత్రం నిశ్వాసం పొడుగ్గా ఉండే పద్ధతి. ముక్కుతో ఊపిరి తీసుకుని, నిండాక ఇంకో చిన్న గుక్క పీల్చి, నోటితో నిదానంగా, పూర్తిగా వదలడమే. దీనికి చాప అక్కర్లేదు, స్నానం అయ్యి ఉండక్కర్లేదు, స్టవ్ పక్కన నిలబడి చేయొచ్చు.

మనకు తెలిసిన ప్రాణాయామాల్లో ఎంచుకోవాలంటే కాస్త చూసుకోవాలి. అనులోమ విలోమం మంచిదే, కానీ జనవరి చలికి ఇంటిల్లిపాదీ ముక్కులు మూసుకుపోయి ఉన్నప్పుడు ఒక్కో ముక్కుతో పీల్చడం శాంతి కాదు, శిక్ష. ఆ రోజుల్లో ఊపిరి వదులుతూ తుమ్మెదలా నాదం చేసే భ్రామరి నయం. కాకపోతే పక్కగదిలో పదో తరగతి పిల్లాడు నిద్రపోతుంటే వాడు లేస్తాడు. కపాలభాతి ఈ పోలికలోకే రాదు. అది చురుకు పుట్టించేది, నెమ్మదినిచ్చేది కాదు. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకూడదు. టీవీలో చూసి మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది దానితోనే మొదలుపెట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

‘ఊపిరి లెక్కపెట్టడం నాకు కృత్రిమంగా ఉంటుంది’ అనేవాళ్లకు జపం సరైన బదులు. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ఆసక్తికరమైన సంగతి రాసింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన, యోగ మంత్రం రెండూ పైకి పలికినప్పుడు ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకు తగ్గిందట. మామూలుగా విశ్రాంతిగా ఉన్నప్పుడు అది 12 నుంచి 20 మధ్య ఉంటుంది. అంటే భక్తి ఉన్న మనిషికి శ్వాస సాధన వేరుగా నేర్చుకోవాల్సిన పని లేదు, నోటికొచ్చిన శ్లోకాన్ని పైకి, తొందరపడకుండా చెప్పుకుంటే అది లోపల జరిగిపోతుంది. ఏ మతం వారి ప్రార్థన అయినా ఇంతే. గబగబా గొణుక్కుంటే మాత్రం కాదు. సహస్రనామం పదిహేను నిమిషాల్లో ముగించే పోటీదారులు గమనించాలి.

మూడోది స్తోత్రమో సంగీతమో పెట్టుకుని వినడం. హాయిగా ఉంటుంది, ఇల్లంతా ఒక తీరుకు వస్తుంది. కానీ చెవి వింటుంటే చేయి ఫోన్ తిప్పుతూనే ఉంటుంది. పాత రేడియోలోనో, స్పీకర్‌లోనో వచ్చేటట్టయితే సరే. ఫోన్‌లోనే వినాలంటే మూడింటిలో ఇదే బలహీనమైన ఎంపిక.

వాకిట్లో: ముగ్గా, మొక్కలా?

కదలకుండా కూర్చుంటే కుదుట పడని మనసులు కొన్ని ఉంటాయి. కళ్లు మూసుకోగానే కరెంటు బిల్లు, పెళ్లి పిలుపులు, రాని జీతం అన్నీ వరసకడతాయి. అలాంటివాళ్లకు చేతికి పని ఇచ్చే అలవాటే మందు.

జనవరి నెల ముగ్గుల నెలే కాబట్టి మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి కాలం ఉండదు. కానీ సంక్రాంతి ముగ్గులా వీధంతా పరిచే పెద్ద ముగ్గు పెట్టుకుంటే భోగి దాటాక చేయి లేవదు. 5 చుక్కలు, 3 వచ్చేదాకా సందుచుక్క. మొత్తం 19 చుక్కలు. మెలికల ముగ్గు అయితే గీత ఎక్కడ మొదలైందో అక్కడికే రావాలి, కాబట్టి తల ఇంకో చోట ఉంటే వెంటనే తెలిసిపోతుంది. ఇంతగా ధ్యాసను పట్టి ఉంచే పని ఐదు నిమిషాల్లో అయిపోవడం ముగ్గు ప్రత్యేకత. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లు గుమ్మం ముందు గచ్చు తడిపి చాక్‌పీస్‌తో వేసుకోవచ్చు. వాకిలి లేకపోతే గీతల నోట్‌బుక్కు. ఇది ఆడవాళ్ల పని అనుకుని ఆగే మగవాళ్లకు నోట్‌బుక్కు మరీ అనుకూలం, ఎవరూ చూడరు.

ముగ్గుతో ఇబ్బంది నడుము, మోకాళ్లు. వంగి వేయలేని వయసులో మొక్కలు మేలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజూ నీళ్లు పోయడాన్ని అలవాటుగా పెట్టుకుంటే జనవరిలో మొక్క చస్తుంది. చలికాలంలో కుండీలో మట్టి తొందరగా ఆరదు, వేర్లు కుళ్లిపోతాయి. కాబట్టి అలవాటు ‘చూడటం’ అయి ఉండాలి. వేలి కణుపు లోతు మట్టిలో పెట్టి తడి చూడటం, పండుటాకు తీయడం, తులసి వెన్నులు తుంచడం, కరివేపాకు కింద పురుగుందేమో తిప్పి చూడటం. ఆరి ఉంటేనే నీళ్లు. ఎండలు ముదిరి ఉగాది దగ్గరపడేకొద్దీ రోజూ పోయాల్సిన రోజులు వాటంతటవే వస్తాయి.

రెండింటిలో ఒకటే తేల్చమంటే, ఇంట్లో చిన్నపిల్లలుంటే మొక్కలు. వాళ్లను కలుపుకోవచ్చు. ముగ్గు మధ్యలో వాళ్లు చేయి పెడితే మీ శాంతి అక్కడితో సరి. ఒంటరిగా ఉండేవాళ్లకు ముగ్గు.

రాత్రి భోజనం తర్వాత: పొద్దున నడక కంటే ఇదే ఎందుకు?

జనవరి 1న అందరూ పెట్టుకునేది ఉదయపు నడక. నేను వెనకేసుకొచ్చేది మాత్రం రాత్రి పది నిమిషాల నడకను. కారణాలు చెబుతాను. జనవరి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యుడు వచ్చేసరికి దాదాపు 6:45. అంతకుముందు వెళ్తే చీకటి, చలి, వీధికుక్కలు. పైగా చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా ఉండి పైకి లేవదు, వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ కిందే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది మంచి సమయం కాదు. ఎండ వచ్చాక వెళ్దామంటే పిల్లల స్కూలు బస్సు, ఆఫీసు. పింఛనుదారులకు ఈ గొడవ లేదు కాబట్టి వాళ్లు ఏడున్నరకు నిశ్చింతగా వెళ్లొచ్చు. మిగతావాళ్లకు ఉదయపు నడక అంటే నిద్రను కోసి తెచ్చుకునేది. నిద్ర తగ్గించి తెచ్చుకున్న శాంతి ఎంతసేపు నిలుస్తుంది?

రాత్రి నడకకు ఇంకో లాభం ఉంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం 2016లో మధుమేహం ఉన్న 41 మందితో చేసిన అధ్యయనంలో, రోజులో ఎప్పుడో ఒకసారి 30 నిమిషాలు నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత 10 నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర మెరుగ్గా అదుపులో ఉంది. ఎక్కువ తేడా కనిపించింది రాత్రి భోజనం తర్వాతే. రాత్రి పూట అన్నం గట్టిగా తినే మన ఇళ్లలో ఇది పనికొచ్చే సంగతి. అడుగుల లెక్క చూపే వాచీ వద్దు, వేగం వద్దు. వీధి చివరిదాకా వెళ్లి రావడం, లేదా మేడ మీద అటూ ఇటూ. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లాలన్నదొక్కటే షరతు. వీధిలో దీపాలు లేకపోయినా, ఆ వేళకు బయటికి వెళ్లడం భద్రం కాదనిపించినా మేడే నయం.

పడుకునే ముందు: డైరీ, చీటీ, రామకోటి

డైరీ మీద నాకు కొంచెం అనుమానం. కష్టాన్ని కాగితం మీద పెట్టడం మేలు చేస్తుందన్నది నిజమే. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో చేసిన ప్రయోగాల దగ్గర్నుంచి దీనిపై ఎన్నో పరిశోధనలు వచ్చాయి. అయితే ఆయన రాయించింది వరసగా నాలుగు రోజులు, పావుగంట చొప్పున. ఏడాది పొడుగునా కాదు. రోజూ రాత్రి పదింటికి ‘ఇవాళ ఆడపడుచు ఏమంది’ అని రాస్తూ కూర్చుంటే గాయం ఆరదు, రేగుతుంది.

ఆలోచనలతో నిద్రపట్టనివాళ్లకు దీనికంటే చీటీ మంచిది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనుల జాబితా రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనుల గురించి రాసినవాళ్లకంటే దాదాపు 9 నిమిషాల ముందు నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా. ‘గ్యాస్ బుక్ చేయాలి, పాల ప్యాకెట్ల డబ్బులివ్వాలి, మావయ్యకు ఫోన్’ అని పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి దిండు పక్కన పెట్టడమే. కొత్త డైరీ కొనక్కర్లేదు.

రామకోటి మూడో దారి. ఇందులో ఏం రాయాలన్న ఆలోచనే లేదు, అదే దీని బలం. గళ్ల పుస్తకం, ఒక పెన్ను, గడికో ‘శ్రీరామ’. లెక్క వేస్తే రోజుకు 108 చొప్పున కోటి పూర్తవడానికి 253 ఏళ్లు పడుతుంది! కాబట్టి పూర్తిచేయాలన్న ఆరాటం మొదటి రోజే పోతుంది, పేజీ నిండితే చాలు. కళ్లు మసకబారే వయసులో రాత్రి దీపం వెలుగులో చిన్న గళ్లు కష్టం. వాళ్లు మధ్యాహ్నానికి మార్చుకోవాలి. భక్తి లేనివాళ్లు చేతిరాత కోసం ఇష్టమైన పద్యం ఒకటి రోజూ రాసుకున్నా ఇదే ఫలితం.

దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి దెబ్బతింటుంటే అది అలవాట్లతో తేలే విషయం కాదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

యాప్‌లు

తక్కువలో తేలుస్తాను. ధ్యానం యాప్‌కు డబ్బు కట్టే ముందు అది ఉండేది మీరు తప్పించుకోవాలనుకుంటున్న ఫోన్‌లోనేనని గుర్తుంచుకోండి. గొంతు విని చేస్తేనే కుదురుతుంది అనేవాళ్లు ఉన్నారు, వాళ్లకు సరే. ఆఫీసులో కుర్చీ దగ్గర చేయడానికి ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తెచ్చిన వై-బ్రేక్ ఉంది. ఐదు నిమిషాల్లో కొన్ని ఆసనాలు, ప్రాణాయామం, కాస్త ధ్యానం. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

పూటలు తలకిందులైన వాళ్లకు

మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసి తెల్లారి పడుకునేవాళ్లకు ‘ఉదయం’ అంటే మధ్యాహ్నం రెండు. వాళ్లు గడియారానికి కాకుండా పనికి కట్టుకోవాలి: ల్యాప్‌టాప్ మూసిన వెంటనే, కాల్ అయిన వెంటనే, నిద్ర లేచి ముఖం కడగగానే. ల్యాప్‌టాప్ మూశాక ఐదు నిమిషాలు పొడుగు నిశ్వాసం వాళ్లకు అన్నిటికంటే కుదురుతుంది, ఎందుకంటే షిఫ్టు ఏ గంటకు ముగిసినా ల్యాప్‌టాప్ మూయడం మాత్రం ఖాయం.

న్యూజెర్సీలో ఉన్న మన కుటుంబాలకు జనవరి మొదట్లో సాయంత్రం ఐదు కాకముందే సూర్యాస్తమయం, బయట మంచు. నడక ఏప్రిల్‌కు వదిలేసి ఇంట్లో పని చూసుకోవాలి. కిటికీ దగ్గర కరివేపాకు కుండీ ఉంటే ఒక హెచ్చరిక: ఆ చలికాలంలో అది ఆకులు రాల్చి మోడులా నిలబడటం మామూలే. చచ్చిపోయిందనుకుని ఎక్కువ నీళ్లు పోస్తే నిజంగానే చస్తుంది. మొక్క మీద అలవాటు కట్టుకోవాలనుకుంటే ఆ నెలల్లో మనీప్లాంట్ లాంటిది నయం.

ఎంత చిన్నగా, ఎవరితో?

ఏది ఎంచుకున్నా రెండు కొలతలు పెట్టుకోండి. ఒకటి మామూలు రోజుది, ఒకటి గతిలేని రోజుది. స్టాన్‌ఫర్డ్‌లో అలవాట్ల మీద పనిచేసే బీజే ఫాగ్ పళ్ల మధ్య దారంతో శుభ్రం చేసుకోవడం ఒక్క పన్నుతో మొదలుపెట్టమంటారు. అదే లెక్కన జ్వరం వచ్చిన రోజు, చుట్టాలు దిగిన రోజు మూడు ఊపిర్లు, ఒక చిన్న పద్మం, గేటు దాకా నడక, రామకోటిలో ఒక్క వరస. అంతే, ఆ రోజుకు లెక్కలోకి వచ్చినట్టే. ఒకేసారి రెండు అలవాట్లు మాత్రం వద్దు. రెండోదాన్ని ఉగాదికి దాచుకోండి.

తోడు విషయంలో అలవాటును బట్టి తేడా ఉంది. ఊపిరి, జపం, రాత.. ఇవి ఒంటరివి. ‘ఇవాళ చేశావా?’ అని ఇంకొకరు అడగడం మొదలుపెడితే హోంవర్కులా తయారవుతాయి. నడకకు మాత్రం తోడు బలం. భార్యాభర్తలిద్దరూ రోజంతా పిల్లల ముందు మాట్లాడుకోలేనివి ఆ వీధి చివరిదాకా వెళ్లేలోపు మాట్లాడుకుంటారు. డబ్బు లెక్కలు మాత్రం ఆ పది నిమిషాల్లోకి తేకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఇద్దరిలో ఒకరికి బద్ధకమైన రోజు రెండోవాళ్లు బతిమాలుతూ చెప్పులు చేతబట్టుకుని నిలబడక్కర్లేదు, వెళ్లి వచ్చేయండి. రేపు వాళ్లే వస్తారు, రాకపోయినా మీ నడక మీది.